మేడం వరండాలో రెండో కుర్చీ

పదిమంది చూస్తుండగా నిలబడి "నాకు తెలియదు" అని మీరు చివరిసారి ఎప్పుడన్నారు? తొందరపడి జవాబు చెప్పకండి. కన్నపిల్లల ముందు అన్నారా? ఊరి పెద్దమనుషుల ముందు అన్నారా? ఏళ్ల తరబడి మైకు పట్టుకుని దేవుని మాట చెబుతున్నవాణ్ణి నేను. ఏ ప్రశ్న వచ్చినా సంచిలోంచి గ్రంథం తీసి, పేజీ తిప్పి, గొంతెత్తి జవాబు చెప్పాను గాని, ఆ ఒక్క మాట నా నోట ఎన్నడూ రాలేదు. ఆ మాటకు ఎంత బలముందో చూపించిన మనిషి పోయిన సోమవారం పొద్దున నల్లగొండ దవాఖానలో కన్నుమూశారు.

పానగల్‌లో గుడి ముందు షామియానా కింద ప్రవచనానికి కూర్చోబోతుంటే మా బిడ్డ ఫోన్ చేసింది. "బాపూ, మేడం పోయింది" అంది. ముందు కూర్చున్నవాళ్లు "ఏమైంది స్వామీ?" అని అడిగారు. "మా పక్కింటి మేడం పోయారు. గుడికి రానని పట్టుబట్టి, నా ప్రతి మాటా విన్న మనిషి" అని చెప్పి, గ్రంథం మూసి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఆమె దేవరకొండలో మా గోడ పక్క ఇంట్లో కిరాయికి దిగారు. పాలమూరు దిక్కు మనిషి. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. భర్త అప్పటికే లేడు. నేను రోజూ మా వాకిట్లోనే మైకు పెట్టి ప్రవచనం చెప్పేవాణ్ణి. వచ్చిన వారానికే ఆమె మా గేటు దగ్గర నిలబడ్డారు.

"స్వామీ, దేవునికి చెవులు మంచిగనే ఉన్నయి. నాయే పాడైతున్నయి. జర మైకు తగ్గియ్యి."

"మీ చెవులకైనా దేవుని మాట పడనీయండి మేడం" అన్నాను నేను తగ్గకుండా.

"పడుతున్నది. నిన్న చెప్పిన కథల ఒక తప్పు గుడ పట్టిన. వింటవా?"

విన్నాను. తప్పు నిజమే. ఒకరు చెప్పిన మాటను ఇంకొకరి నోట పెట్టాను. నేను ఏడో తరగతితో బడి మానిన గొర్లకాపరి కొడుకుని. మంద వెంట తిరుగుతూ గొంగడి మీద గ్రంథం పరిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. నన్ను దిద్దే గురువు ఎన్నడూ లేడు. ఆ రోజు నుంచి నా ప్రవచనం అయిపోగానే గోడ అవతలి నుంచి ఒక దగ్గు వినిపించేది. అంటే ఏదో పట్టారన్నమాట. గుడిలో ముందువరుసలో కూర్చుని కునుకు తీసేవాళ్లను ఎందరినో చూశాను. ఆమెంత శ్రద్ధగా విన్నవాళ్లను చూడలేదు.

ఆమె వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. ఒకదాని కాలు పగిలితే తీగతో కట్టారు. ఆ కుర్చీలో తానే కూర్చునేవారు. బాగున్న కుర్చీ వచ్చిన పిల్లలకు. "మేడం, మీరు మంచిదాంట్ల కూసోండి" అని ఎవరన్నా అంటే, "ఇరిగితే నేను వడ్త. పడుడు నాకు అలవాటే" అనేవారు. సాయంత్రమైతే చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి పిల్లలు వచ్చేవారు. ఒక్కోసారి అమ్రాబాద్ దిక్కు నుంచి కూడా. పీజీకి ఎక్కడ రాయాలి, పీహెచ్‌డీకి ఎవరిని అడగాలి, సీటు రాలేదు ఏం చేయాలి అని. సీటు రానివాళ్లకు ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు చాయ్ పోసేవారు. "ఏడ్వాల్నంటే ఏడువు, నాకేం తొందర లేదు" అనేవారు. ఆ పిల్లో పిల్లవాడో ముక్కు తుడుచుకున్నాక ఒక్కటే అడిగేవారు: "వాళ్లు ఏమడిగిన్రు? నువ్వేం చెప్పినవ్?"

ఓదార్పు మాటలు ఆమెకు రావు. వచ్చినా వాడరు.

మా బిడ్డ జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. ఆ చదువు మీద ప్రేమ పుట్టించింది కూడా మేడమే. పీహెచ్‌డీ చేస్తానంది. మా నల్లగొర్ల మీద. మీకు తెలుసుగా, గొంగడికి బొచ్చు ఇచ్చే నల్లగొర్లు మా మెట్టల మీద ఒకప్పుడు మందలు మందలుగా ఉండేవి. ఇప్పుడు బొచ్చులేని తెల్లగొర్లే కనిపిస్తాయి. ఎందుకు పోయాయి, ఎండకు కరువుకు తట్టుకునే ఆ జాతిలో ఏముంది అన్నది దాని ప్రశ్న. ఒక యూనివర్సిటీకి రాసింది. పిలుపే రాలేదు. ఇంకొక దానికి రాసింది. జవాబే లేదు. మూడోచోట ఇంటర్వ్యూకు పిలిచారు. వెళ్లొచ్చి గదిలో తలుపు వేసుకుంది. కొన్నాళ్లకు "సీటు ఇవ్వలేకపోతున్నందుకు విచారిస్తున్నాం" అని ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది.

"బాపూ, ఇగ నేను రాయ. బీఎడ్ చేస్త" అంది.

తండ్రిని నేను. బోధకుణ్ణి కూడా. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాలసముద్రం చిలికిన కథ ఎత్తుకున్నాను. ముందు విషమే వస్తుంది బిడ్డా, అమృతం తర్వాతే వస్తుంది అని గొంతు పెంచాను. గోడ అవతల దగ్గు వినిపించింది. ఆ వెంటనే మేడమే వచ్చారు.

"స్వామీ, చిలికినోళ్ల చేతులు బొబ్బలెక్కి ఉంటయి గాదా. ఆ సంగతి చెప్తలేవేంది పిల్లకు?"

"మేడం, ఇది దైవనిర్ణయమేమోనని నాకు అనుమానం. వద్దన్న దారిలో..."

"దేవుడు మెయిల్ పెట్టిండా? పెట్టింది కమిటీ. కమిటీల నలుగురు మనుషులుంటరు. అండ్ల ఒకాయన పొద్దున ఇంట్ల లొల్లి వెట్టుకోని వచ్చుంటడు. గదంత దేవుని మీద నూకకు." ఆ తర్వాత దాని వైపు తిరిగారు. "నువ్వు రా. చాయ్ వెట్టిన."

గోడ ఇవతలి నుంచి నేను విన్నాను. ఆ రోజు వినే వంతు నాది.

"ఏమడిగిన్రు?"

"నల్లగొర్లు తగ్గెతందుకు ఏం కారణమన్నరు. మేతజాగలు పోయినయని చెప్పిన. ఇంకేమన్న కారణం ఉండొచ్చా అన్నరు. లేదని చెప్పిన. రుజువేందన్నరు. మా ఇంట్ల తరతరాలుగా గొర్లే అని గట్టిగ చెప్పిన. అండ్ల ఒక సార్ నవ్విండు. 'అమ్మా, గిది ఇంటర్వ్యూ, ఉపన్యాసం గాదు' అన్నడు."

తర్వాత మేడం నవ్వడం వినిపించింది. ఎగతాళి నవ్వు కాదు.

"ఉగ్గుపాల నుంచి మీ బాపు ప్రవచనం విన్నవ్ నువ్వు. ప్రశ్న వస్తె జవాబు చెప్పాలె, తగ్గొద్దు. గుడిల అది చెల్లుతది. ఆడ కూసున్నోళ్లకు నీ జవాబు అక్కర్లేదు బిడ్డా. నీకు ఏది తెల్వదో నీకు తెల్సా లేదా, గది చూస్తున్నరు. మొత్తం తెల్సినోళ్లకు సీటెందుకు?"

ఆ మాట మీద ఆమె మళ్లీ రాయించారు. అలా రాయిస్తూనే ఒకసారి తన సంగతి చెప్పారట. "నేను గుడ రాసిన పీహెచ్‌డీకి. ఒక్కపాలి. రాలే. మల్ల రాయుమని నాకు ఎవ్వరు చెప్పలే. నాకు గుడ తోచలే." అంతే చెప్పి, మళ్లీ ఆ పిల్ల రాసిన పేజీలోకి తల వంచారట.

పిలుపు మళ్లీ వచ్చింది. ఇంటర్వ్యూకు ముందు శనివారం మేడం నా దగ్గరికొచ్చారు. "స్వామీ, నీ భజనల పావుగంట నా పిల్లకియ్యి. గొర్లోళ్ల ముందు నిలబడి గొర్ల గురించి చెప్పని."

"మీరు గుడికి వస్తారా?" అన్నాను ఆశగా.

"దేవుని కోసం రాను. చెప్పుల కాడ కూసుంట."

అన్నట్టే చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చున్నారు. మా బిడ్డ నిలబడి తన ప్రశ్న చెప్పింది. అందరూ విన్నారు. జీవాల వెంట తిరిగి తిరిగి మోకాళ్లరిగిన ఒక పెద్దమ్మ ఉంది మా భజనలో. నల్లమందను అమ్ముకుని తెల్లగొర్లు తెచ్చుకున్న ఇల్లు ఆమెది. ఆమె చేయెత్తింది.

"బిడ్డా, గిదంత నువ్వు సదివితె మా నల్లగొర్లు మల్ల వస్తయా?"

నా గొంతులో "వస్తయి!" అన్న కేక తయారై ఉంది. వందలమంది చేత జై కొట్టించే కేక అది. పక్కకు చూశాను. చెప్పుల దగ్గరి నుంచి మేడం నన్నే చూస్తున్నారు, పెదవుల మీద వేలు పెట్టుకుని.

"తెల్వది పెద్దమ్మా" అంది మా బిడ్డ. "వస్తయో రావో నాకు తెల్వది. ఎందుకు పోయినయో గుడ పూర్తిగ తెల్వది. తెల్సుకుందామనే పోతున్న. నువ్వు చెప్తవా, మీరు ఎందుకమ్ముకున్నరో?"

"గిప్పుడు అడిగినవ్ మంచిమాట!" అంది పెద్దమ్మ కొంగు బిగించి. "గొంగడి ఎవడు కప్పుకుంటున్నడే? బొచ్చు కత్తిరించెటోడు దొరుకుతలేడు."

"గది కాదత్తా, బరువు! తెల్లది జల్ది బరువెక్కుతది" అని ఇంకొకరు. "బీడు ఏడున్నది మేపెతందుకు?" అని మరొకరు. మాట మీద మాట. నా మైకు నాకు తిరిగి రానేలేదు. ఆ రోజు హారతి ఆలస్యమైంది. మెట్టు మీద ఒకరు మాత్రం మెల్లగా చప్పట్లు కొట్టారు.

నా గ్రంథంలో ఒక చోటుంది. తెలుసుననుకునేవాడికి తెలియలేదనీ, తెలియదనుకునేవాడికే తెలిసిందనీ దాని సారం. ఎన్నిసార్లు గొంతెత్తి చదివానో! అర్థం మాత్రం ఆ శనివారం, దేవుణ్ణి నమ్మని మనిషి చెప్పుల దగ్గర కూర్చుని ఉండగా తెలిసింది. ఇది నిందాస్తుతి కాదు. నా కృతజ్ఞత.

ఈసారి సీటు వచ్చింది. ఒకటి కాదు, రెండుచోట్ల. ఒకటి ఉత్తరాదిన చాలా పేరున్న సంస్థ. అయితే అక్కడ గొర్లు లేవు, వాళ్లు ఇచ్చిన దోమల పని చేయాలి. రెండోది హైదరాబాద్. పేరు చిన్నది, నల్లగొర్ల మీదే పని. చుట్టాలంతా ఉత్తరాదికే పొమ్మన్నారు. నేను కూడా అటే మొగ్గాను. ఎవరైనా ఎటూ తేల్చుకోలేక నా దగ్గరికి వస్తే కళ్లు మూసుకుని గ్రంథం తెరిచి, వేలు పెట్టిన చోట ఏముందో చదివి చెబుతాను. మా బిడ్డకూ అలాగే చూస్తానన్నాను.

"వేలు వెట్టు స్వామీ" అన్నారు మేడం. "గాని కండ్లు తెరిచి వెట్టు." తర్వాత దాన్ని అడిగారు: "రెండేండ్లు చేసినంక నీ పని మొత్తం తప్పని తేలిందనుకో. ఏ పనైతె తప్పైనా మల్ల మొదటి నుంచి మొదలువెడ్తవ్?"

అది ఆలోచించనే లేదు. "గొర్లది."

"మరి నన్నేమడుగుతవ్? పో, బట్టలు సర్దుకో."

ఇప్పుడు మా బిడ్డ హైదరాబాద్‌లో ఆ పనే చేస్తోంది. సెలవొస్తే మందల వెంట తిరుగుతుంది. వచ్చి మేడం ఎదుట కూర్చుని ఈసారి ఏది తెలియలేదో చెప్పేది. ఆ వరండాలో అంతకు మించిన శుభవార్త లేదు.

మేడంను సాగనంపిన సాయంత్రం దేవరకొండ ఖిల్లా దిక్కు పొద్దు వాలుతుంటే స్నానాలు చేసి ఇంటి ముందు కూర్చున్నాం. ఆ పెద్దమ్మే నా పక్కకు జరిగి అడిగింది: "స్వామీ, దేవుణ్ణి నమ్మనోళ్లు పోయినంక యాడికి పోతరు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. మైకులో ఎన్నోసార్లు చెప్పిన, జనం వణికిపోయిన జవాబు. చెయ్యి సంచి దాకా పోయింది. గోడ అవతల దగ్గు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం చెవి అటే పోయింది.

"నాకు తెల్వది పెద్దమ్మా" అన్నాను.

ఆమె నా చేయి పట్టుకుంది. అంతకు ముందు ఏ ప్రవచనానికీ ఆమె నా చేయి పట్టుకోలేదు.

మర్నాడు పొద్దున తండా నుంచి ఒక పిల్ల వచ్చింది. మేడం పోయిన సంగతి దానికి తెలియదు. చేతిలో ఫోను, ఉబ్బిన కళ్లు. తాళం వేసిన తలుపు చూసి వెనక్కి తిరుగుతుంటే మా బిడ్డ గోడ మీది నుంచి పిలిచింది. మా ఇంట్లోంచి చాయ్ పట్టుకుని ఆ వరండాలోకి వెళ్లి, తీగ కట్టిన కుర్చీలో తాను కూర్చుని, బాగున్న కుర్చీ ముందుకు జరిపింది. "కూసో. ముందు చాయ్ తాగు." ఆ పిల్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టింది.

వింటున్నారా? మీ వీధిలోనూ అలాంటి పిల్ల ఒకతె ఉంది. వద్దనిపించుకుని తలుపు వేసుకుంది. ఇంకొక్కపాలి రాయమని చెప్పేవాళ్లు లేక ఊరుకోబోతోంది. పండగ దాకా ఆగకండి, మంచిరోజు చూడకండి, నా తర్వాతి ప్రవచనం కోసం ఎదురుచూడకండి. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఆ తలుపు కొట్టండి. సలహా చెప్పకండి, మీకు తెలియదు. చాయ్ పోయండి. వాళ్లు ఏమడిగారో అడగండి. ఇవాళే, ఈ పొద్దు వాలకముందే, మీ ఇంటి ముందు రెండో కుర్చీ వేయండి.