బూడిదకు బదులు తవుడు

బియ్యం మిల్లు గేటు ముందు గోరీ గెలిచిన జగడాన్ని రుక్మిణవ్వ కళ్లారా చూసింది. పొగగొట్టంలోంచి రాలే ఊక బూడిద ఎండబోసిన మిరపకాయల మీద పడుతోందని ఊరి పక్క లంబాడీ తండా నుంచి గోరీ ఒక్కతే వచ్చింది. "నీ బువ్వల పోసుకో సేటూ, ఎట్లుంటదో తెలుస్తది!" అంటూ గంపెడు నల్లబడ్డ కాయలు మిల్లు యజమాని జగపతి సేటు కారు మీద కుమ్మరించింది. సేటు దిగొచ్చాడు. బూడిద పడే ప్రతి ఇంటికీ నెలనెలా తవుడు ఉత్తగా ఇస్తానన్నాడు. కేసముద్రం ఊరంతా గోరీని మెచ్చుకుంది. ఎవరినీ మెచ్చని రుక్మిణవ్వ కూడా మెచ్చుకుంది. ఆ తవుడు మరిగి ఆమె బర్రెలు పాలు ఎక్కువిస్తున్నాయి మరి.

గోరీకి ఒక అలవాటు. నీళ్లు తాగే ముందు బిందె మూత మీద వేలితో గీసి, ఆ వేలిని ఎండకు పట్టి చూస్తుంది. నిన్న అదే వేలు చూపిస్తూ రుక్మిణవ్వ వాకిట్లోకి వచ్చింది. వేలంతా నలుపు. ఇదివరకు చాటుగా రాత్రిళ్లు వదిలే బూడిదను ఇప్పుడు పట్టపగలే వదులుతున్నారట. అడగబోతే సేటు నవ్వాడట: "తవుడు తీస్కుంటున్నరు గద, ఇంకేంది లొల్లి?" ఊరందరి నోరూ మూయించే రుక్మిణవ్వ గోరీ వేలు పట్టుకుని దగ్గరగా చూసింది.

"అంటే, వాడు మన ఊపిరిని కొన్నడానే?"

"మనమే అమ్మినం అవ్వా. బేరం చేసింది నేనే." గోరీ కొంగుతో వేలు తుడుచుకుని కొట్టం వైపు చూసింది. బర్రెలు కుడితి తొట్లో మూతులు పెట్టి ఉన్నాయి. "రేపు తవుడు బండొస్తది. నీ వాకిట్ల దించొద్దని ముందుగాల నువ్వే చెప్పాలె. ఊర్ల నీ మాటే నడుస్తది, నువ్వు వద్దంటేనే మా తండ వద్దంటది."