జ్ఞానమ్మగారి గీత

జ్ఞానమ్మగారు ఇక లేరన్న వార్త మొన్న మంగళవారం ఉదయం మా సైన్‌బోర్డుల షాపు ఫోనులో వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందని ఆమె భర్త ప్రసాదరావుగారు చెప్పారు. రిసీవరు పెట్టేసి మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక దంతవైద్యుడి తలుపుకు అక్షరాలు సిద్ధం చేస్తున్నాను. ఎదుట ఉన్న చిన్న మాటకు స్పెల్లింగు సరిగా ఉందో లేదో ఎంతసేపు చూసినా తెలియలేదు. ఆరేళ్ళు ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్నదాన్ని. నాలుగు మాటలు రాయడం నా ధర్మం.

ఆమె బాపట్లలో పదేళ్ళు డ్రాయింగు టీచరుగా పనిచేసి, భర్త ఉద్యోగరీత్యా వర్జీనియా వచ్చారు. షాంటిలీలో సైన్‌బోర్డుల షాపు నడిపే డేవ్ అప్పుడే కుంచెలు పక్కనబెట్టి, వినైల్ అనే జిగురు ప్లాస్టిక్ షీటును కంప్యూటరు ఆజ్ఞ ప్రకారం కోసే యంత్రం కొన్నాడు. యంత్రం వచ్చింది గానీ దానికి బొమ్మ అందించేవారు లేరు. ఆ పనికి ఆమె చేరారు. కాగితం మీది అక్షరాన్ని ఎలక్ట్రానిక్ పలక మీద పరిచి, అంచు వెంట అక్కడక్కడా బటన్ నొక్కుతూ పోవాలి. ఆ బిందువులను వంపుగా కలుపుతూ కంప్యూటరు గీత గీస్తుంది. గీత వెంట కత్తి నడుస్తుంది. బిందువు ఎక్కడ పెట్టాలో తెలియడమే విద్య. అందులో ఆమెను మించినవారిని నేను చూడలేదు.

మొదటిరోజు నేను ఇంగ్లీషు ‘ఓ’ చుట్టూ నలభై బిందువులు పెట్టాను. అంచు రంపంలా తెగింది. ఆమె అన్నీ చెరిపి, పైనా కిందా, అటూ ఇటూ నాలుగే పెట్టారు. నున్నగా వచ్చింది.

“గుండ్రానికి నాలుగు చాలమ్మా విమలా. మిగతావన్నీ మన భయం.”

ఇంకోసారి ఒక బేకరీ వ్యానుకు కలిపిరాత అక్షరాలు చేశాను. ఒక అక్షరం తోక పక్క అక్షరం మీదికి ఎక్కింది. తెర మీద బాగానే కనిపించింది. కోసేటప్పుడు కత్తి రెండు గీతల వెంటా పోయి, కలిసిన ప్రతిచోటా తునక లేచింది. “ఒక్కటే మాట అనుకుని గీశానండీ,” అన్నాను. “కత్తికి నువ్వేం అనుకున్నావో తెలీదు. గీత ఒక్కటే తెలుసు. రెండింటినీ కలిపి ఒకే అంచు చెయ్యి,” అన్నారు. ఆ వ్యాను పని మొత్తం మళ్ళీ నాచేతే చేయించారు.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆ రోజుల్లో అమెరికన్ చర్చి ఒకదాని కింది హాల్లో, పక్క తలుపు నుంచి వెళ్ళి కూడుకునేది. ఒక ఆదివారం కొత్తగా వచ్చిన పెద్దావిడ ముందు తలుపు నుంచి వెళ్ళి, ఎవరినీ అడగలేక, గంటన్నర ఇంగ్లీషు ఆరాధనలో కూర్చుని వచ్చింది. పక్క తలుపుకు తెలుగు బోర్డు పెడదామన్నారు జ్ఞానమ్మగారు.

“ఇంగ్లీషులో పెట్టేస్తే చాలదా సిస్టర్? అందరం డ్రైవ్ చేసుకుని వచ్చేవాళ్ళమే కదా,” అన్నారు సంఘపెద్ద.

“డ్రైవ్ చేసేవాళ్ళకి కాదండీ, వెనక సీట్లో కూర్చుని వచ్చేవాళ్ళకి.”

యంత్రంలో తెలుగు లేదు. ‘తెలుగు ఆరాధన’ అన్న రెండు మాటలకు ప్రతి అక్షరం తానే గీశారు. ‘ధ’ కింది చిన్న గీత విడిగా ఉంటే వానకు ఊడి ‘ద’ అయిపోతుందని, సన్నటి మెడతో దాన్ని అక్షరానికి అతికించారు. “ఊడినా దేవుడికి అర్థమవుతుందిలే. పిల్లలే తప్పు నేర్చుకుంటారు,” అన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలు కొందరు తొలి తెలుగు అక్షరాలు ఆ తలుపు మీదే గుర్తుపట్టారు. అప్పటినుంచి తెలుగు వర్ణమాల అంతా గీసి యంత్రంలో దాచాలని ఆమె సంకల్పించారు.

రెండేళ్ళ క్రితం ఆమె కుడిచెయ్యి వణకసాగింది. నేను గమనించి చెప్పలేక ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. తానే డేవ్ దగ్గరికి వెళ్ళి, “డేవ్, మై హ్యాండ్ ఈజ్ నాట్ గుడ్. చెక్ మై లాస్ట్ త్రీ జాబ్స్,” అన్నారు. మూడింటిలో ఒకటి, పిల్లల క్లినిక్ తలుపుది, అంచు చెడింది. దాన్ని పీకించి మళ్ళీ కోయించి, అతికించేదాకా ఆమె క్లినిక్ గుమ్మంలోనే నిలబడ్డారు. మర్నాడు రాజీనామా అన్నారు. డేవ్ ఒప్పుకోలేదు, ఏ పని కోతకు వెళ్ళాలన్నా ముందు ఆమె చూడాలన్నాడు.

అలా తెలుగు అక్షరాలకు చెయ్యి నాదీ చూపు ఆమెదీ అయ్యాయి. “ఇంకొంచెం కిందకి... ఆగు. అక్కడ.” నెలల తరబడి ఇంతే మాట. విసుగొచ్చి నేనొకసారి ఏడ్చాను. ఆమె కాఫీ తెచ్చిపెట్టి, “ఏడుపయ్యాక ‘క్ష’ చూద్దాం,” అన్నారు. గుణింతాలు, ఒత్తులు ఒక్కొక్కటే పూర్తయ్యాయి. ‘జ్ఞ’ మాత్రం వాయిదా వేస్తూ వచ్చారు. “అది నా పేరుకు తప్ప ఎవరికి కావాలమ్మా? ఆఖర్న చూద్దాం.”

శనివారం సంస్మరణ సభ. బోర్డు మీద ఆమె పేరు ఉండాలి. నిన్న ఒక్కదాన్నే ‘జ్ఞ’ గీశాను. కింది ఒత్తు దగ్గర మూడుసార్లు చెరిపాను. ఆ మహోపాధ్యాయినికి నేను సమర్పించగల అంజలి ఇంతే. కోయించేముందు చూడడానికి ఆమె లేరు. డేవ్‌ను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, చాలా బాగుందన్నాడు.

అతనికి తెలుగు రాదు.