బొమ్మలవ్వ తెంపని కాయలు

మా మేనత్త పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో చెల్లెలింట్లో ఉన్నాను. పొద్దున లేచి కాఫీ తాగిందట, ఆయాసంగా ఉందని గోడకు ఆనుకుని కూర్చుందట, అంతే. ధర్మవరం బస్సు పెనుకొండ దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. దాటాక రోడ్డు పక్క చేలలో వేరుశనగ పీకి కుప్పలు వేస్తూ కనిపించారు. అప్పుడిక ఆగలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. చెన్నేకొత్తపల్లి దగ్గర సేద్యం ఇంట్లో పుట్టి, పెళ్లయి ధర్మవరం వచ్చింది. మామ మగ్గం నేస్తే ఆమె గ్రాఫ్ కాగితాల మీద చీరలకు డిజైన్లు గీసేది. నేను అదే ఊళ్లో ఒకటో తరగతికి చెబుతాను. అందరూ మగ్గాల వీధుల పిల్లలే. పట్టుపోగు తెగితే ముడి వేయడం చూస్తూ పెరిగినవాళ్లు, వేరుశనగ మాత్రం కొమ్మకు కాస్తుందనుకునేవాళ్లు. ఈ సంగతి ఒకరోజు నవ్వుతూ అత్తకు చెప్పాను. ఆమె నవ్వలేదు. ఆ వారమే గ్రాఫ్ కాగితాలు పక్కన పెట్టి తెల్ల కాగితాలు తెప్పించుకుంది. విత్తనం వేయడం మొదలు కాయలు ఒలిచేదాకా పేజీకో బొమ్మ, కింద ఒక్క వాక్యం. దారంతో కుట్టి తెచ్చి, తనే పిల్లల మధ్య కూర్చుని చదివింది. అప్పటినుంచి వాళ్లకు బొమ్మలవ్వ అయింది.

ఆ మొదటి పుస్తకంలోనే అత్త తప్పు చేసి దొరికిపోయింది. చీర డిజైన్‌లో పువ్వు సగం గీస్తే చాలు, దాన్నే తిప్పి వేస్తే రెండో సగం వచ్చేస్తుంది. చేతికి అదే అలవాటు. చెట్టునూ అలాగే గీసింది. అవ్వగారి ఊరు గుడిబండ అయిన ఒక పాప సెలవులనుంచి వస్తూ నిజం వేరుశనగ చెట్టు తెచ్చి బొమ్మ పక్కన పెట్టింది.

"అవ్వా, దీనికి ఈ పక్క కాయలు బాగుండాయి, ఆ పక్క తక్కువుండాయి. నీది రెండు పక్కలా ఒకటే మాదిరి ఉండాది."

అత్త ముఖం చిన్నబోయింది. ఇంటికి రాగానే ఆ పేజీ చింపేసింది.

"చీరకు గీసినట్ల గీసేసినా పాపా," అంది నాతో. "చేను చీర కాదు గదా."

ఇక పుట్టింటి సేద్యం చూసుకునే మా నాయనకు పని పడింది. చేలోనుంచి చెట్టు పీకి, వేళ్ల మట్టి రాలకుండా బైక్ మీద తేవాలి. దులిపి తెస్తే ఆయనకు చీవాట్లు తప్పేవి కావు. అత్త చెట్టును ఎదురుగా పెట్టుకుని ఒక్కో కాయే గీసేది. గీసిన కాయను వెంటనే తెంపి స్టీలు డబ్బాలో వేసేది, లేకపోతే దాన్నే మళ్లీ గీస్తానని భయం. ఆ డబ్బా పుస్తకంతోపాటు బడికి వచ్చేది. పేజీలో ఉన్న కాయనే పిల్లలు ఒలుచుకుని తినేవాళ్లు. నా కాయ ఇదీ, నీది అదీ అని బొమ్మ మీద వేళ్లు పెట్టి కొట్లాడుకునేవాళ్లు. నా పాఠాలన్నీ ఆ డబ్బా ముందు దిగదుడుపే.

పాత పుస్తకాల పేజీలు ఊడిపోయాయి. ఈ ఏడాది పిల్లలకు కొత్తది ఇస్తానని మాటిచ్చింది. ఆయాసం ఎక్కువైంది, ఇప్పుడెందుకు అత్తా అని నేనూ మామా ఎంత చెప్పినా వినలేదు.

"వాళ్లు రోజూ అడుగుతాండారంట గదా. ఇంగొక్క చెట్టుండాది, గీసేసి పండుకుంటా," అంది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

కర్మకాండలయ్యాక ఆమె కూర్చునే చాప దగ్గర సర్దుతుంటే ఆ పేజీ దొరికింది. ఎడమ సగమే ఉంది. చీరదైతే ఎవరైనా తిప్పి పూర్తిచేసేవాళ్లు. ఇది అలా కుదరదు, అత్తే కుదరకుండా చేసుకుంది. గోడవారన నాయన తెచ్చిన చెట్టు ఎండిపోయి ఉంది. బయట పారేద్దామని తీసిన నాయన దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒక పక్క కాయ ఒక్కటీ లేదు. రెండో పక్క కాయలన్నీ మట్టితో అలాగే వేలాడుతున్నాయి.

పేజీని, చెట్టును తెచ్చి మా తరగతి గోడకు కట్టాను. డబ్బాలోని కాయలు పిల్లలకు పంచాను. వాళ్ల చెయ్యి ఊరుకోదు, చెట్టుకున్నవీ రెండు రోజుల్లో మాయమవుతాయనుకున్నాను. ఒక్కటీ పోలేదు. ఎందుకు తెంపలేదురా అని అడిగితే, ముందు బెంచీ పిల్లవాడు నేనేదో తెలియనిదాన్ని అయినట్టు చూశాడు.

"అవి అవ్వ ఇంగా గీయలేదు గదా మిస్."