గిల్టు కమ్మల సంగతి

అత్తయ్య కాలు నా ఒళ్లో పెట్టుకుని, చెమటకాయలని నేనే తేల్చిన చోట పౌడరు అద్దుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. మోకాలి చిప్ప మార్చి మూడు నెలలైంది. కుట్లు ఎప్పుడో మానాయి. వాటి పక్కన ఎర్రగా, గరుకుగా, రసి కారుతున్న పొక్కులు. సరిగ్గా అలాంటివే ఒకప్పుడు ఆమె చెవి తమ్మెల మీద చూశాను.

రేపల్లెలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, రైల్లో బంగారం ఎందుకని ఆమెకు గిల్టు కమ్మలు పెట్టించింది నేనే. తనకు గిల్టు పడదని ఆమె చెబుతూనే ఉంది. మర్నాటికి రెండు చెవులూ వాచాయి. నెలపాటు వేపపుల్లలు పెట్టుకుని తిరిగింది. గిల్టులో నికెల్ ఉంటుందని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పిందీ నేనే.

వడ్లమూడిలో ఎంటెక్ చదివినప్పుడు నా ప్రాజెక్టు అదే, ఒంట్లో అమర్చే లోహాలకు పూత వేయడం. కోబాల్టు, క్రోమియం కలిపిన బిళ్లల మీద బంగారు రంగు పూత పల్చగా వేసి, ఉప్పునీళ్లలాంటి ద్రవంలో వారాల తరబడి నానబెట్టేదాన్ని. పూత లేని బిళ్ల నుంచి లోహం కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగేది. అందులో నికెల్ జాడ ఉండేది. అది పడనివాళ్ల కోసమే ఆ పూత. అత్తయ్య మోకాల్లో ఉన్నది పూత లేని అలాంటి లోహమే.

తెనాలిలో ఆపరేషనుకు ముందు డాక్టరు గారు అడిగారు.

"ఒంటికి పడనివేమైనా ఉన్నాయా అమ్మా?"

అత్తయ్య చెవి పట్టుకుని "గిల్టండి..." అని మొదలుపెట్టింది. మోకాలి గురించి అడుగుతుంటే కమ్మల గోల ఏంటని నాకు తల కొట్టేసినట్టయింది. నేను అందుకుని, అలాంటివేం లేవని ఇంగ్లీషులో చెప్పాను. నా ఎంటెక్ సంగతి కూడా ఒక ముక్క కలిపాను. ఆయన మెచ్చుకోలుగా తలూపారు. అత్తయ్య చెవి మీది చెయ్యి మెల్లగా దించేసింది. పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తుంటే ఆ చెయ్యే కనిపిస్తోంది.

ఆపరేషనయ్యి బాపట్లలో మా ఇంటికి వచ్చాక ఆమె దురదంటే, గోకొద్దని కసిరాను. పిల్లలు "గోకుడు నాయనమ్మ" అని పేరు పెడితే నవ్వాను. ఆమె కూడా నవ్వేది, చీర మోకాలి మీదికి లాక్కుంటూ.

పౌడరు అద్దుతూ చెయ్యి ఆగిన ఆ సాయంత్రం, డబ్బా పక్కన పెట్టి, ఆరోజు ఆమెను చెప్పనిచ్చి ఉంటే పూత ఉన్నది వేసేవారేమో అని ఆమె దగ్గరే ఒప్పుకున్నాను. ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"కమ్మలంటే తీసి పెట్టెలో పడేశాం. దీన్నెట్టా తీస్తారమ్మాయ్?"

పొక్కులు దానివల్లో కాదో పరీక్ష చేసి డాక్టరే తేల్చాలి. ఆయన చెవిన పడాల్సిన మాటకు అడ్డుపడింది మాత్రం నేనే.

మర్నాడు పొద్దున్న, తెనాలి రైలుకు బయల్దేరే ముందు, ఇడ్లీ తింటున్న పిల్లల పక్కన కూర్చున్నాను.

"నాయనమ్మను ఇంక అలా పిలవకండి. ఆవిడ డాక్టరు గారికి చెప్పబోతే, నామోషీ అనిపించి నేనే ఆపేశాను. ఇవాళ ఆవిడే చెబుతుంది. నేను పక్కన కూర్చుని వింటాను."