అరచేతిలో రాసుకున్న స్నేహం

మా ఆయన హోసియా పుట్టుగుడ్డి కాదు. మిసిసిపీలో మా ఊరి కలప కోతమిల్లులో ఆవిరి గొట్టం పేలి, నిండు వయసులో చూపు పోయింది. ఆ తర్వాత కుర్చీలకు పేము అల్లడం నేర్చుకున్నాడు. చూపు పోయినందుకు నేను ఏడ్చింది కొన్నాళ్ళే. భయం మాత్రం వదల్లేదు. తెల్లవాళ్ళు ఎదురైతే మేం నల్లవాళ్ళం కాలిబాట దిగి తప్పుకోవాలి. ఎదురొచ్చేది ఎవరో కనబడని మనిషి ఎలా తప్పుకుంటాడు?

ఆయనకు ఒక స్నేహితుడుండేవాడు, ఆర్లిస్. తెల్లవాడు, బజార్లో బూట్లు బాగుచేసే కొట్టు అతనిది. పెద్దయ్యాక జ్వరం తగిలి చెవులు పోయాయి. ఓ కుర్చీ అల్లించుకోవడానికి వచ్చి, ఇక రావడం మానలేదు. అతను నోటితో మాట్లాడేవాడు. మా ఆయన వేలితో అతని అరచేతిలో అక్షరాలు రాసి జవాబిచ్చేవాడు.

"నా మొహం ఎలా ఉంటుందని అడుగుతున్నాడు, డెల్ఫీ" అనేవాడు ఆర్లిస్ నాతో. "చూడక్కర్లేకపోవడం నీ అదృష్టం అని చెప్పు."

ఇదంతా పెరట్లోనే. బజార్లో ఎవరికి వారే.

ఒక శనివారం మధ్యాహ్నం బజార్లో ఓ కొట్లో నేను పిండి సంచి తీసుకుంటుంటే, హోసియా బయట నిలబడ్డాడు. మందుల షాపులోంచి వచ్చిన ఓ తెల్లావిడ ఆయనకు తగిలింది. పడిపోబోయి ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి లాక్కుని వెళ్ళిపోయింది. ముగ్గురు మగాళ్ళు చుట్టూ చేరారు.

"చెయ్యి ఎక్కడేశావురా?"

"తప్పైపోయిందయ్యా. కళ్ళు కనబడవు."

"కనబడవా? చెయ్యి మాత్రం భలే దొరికిందే."

నేను సంచి పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

ఎదురుగా ఉన్న తన కొట్లోంచి ఆర్లిస్ వచ్చాడు. వాళ్ళ మాటలు అతనికి వినబడలేదు, మొహాలు చూశాడంతే. హోసియా చెయ్యి పట్టుకున్నాడు.

"నా కుర్చీలు సగంలో ఉన్నాయి. వీణ్ణి తీసుకెళ్తున్నా" అన్నాడు.

వాళ్ళలో ఒకడు అతని మొహం మీద మొహం పెట్టి ఏదో అరిచాడు.

"నాకు వినబడదు, నీకు తెలుసుగా" అని ఆర్లిస్ కదిలాడు. నేను సంచి అక్కడే వదిలేసి వెనకే నడిచాను.

ఊరు దాటేసరికి మా వెనక మోటారు బండి చప్పుడైంది. మెల్లగా, నడకతో సమానంగా వస్తోంది. లోపల ఆ ముగ్గురే. హోసియా ఆర్లిస్ చేతిలో ఏదో రాశాడు.

"బండి ఉంటే ఉండనీ. నేనెక్కడికీ పోను" అన్నాడు ఆర్లిస్ పైకే.

ఇంటి ముందు బండి ఆగింది. ఎవరూ దిగలేదు. మేం లోపలికెళ్ళాం. ఆర్లిస్ మాత్రం అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా ఇంజను ఆగలేదు, అతను లేవలేదు. లోపల నేను కిటికీ పక్కన నిలబడితే, హోసియా నా చీలమండ పట్టుకుని నేలమీదే కూర్చున్నాడు. చివరికి బండి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆర్లిస్ కొట్టుకు ఒక్క బూటూ రాలేదు. అద్దాలు పగలగొట్టారు. అతను మెంఫిస్‌లో అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఏటి పంట కోతలయ్యాక మేమూ అక్కడికే చేరాం. చనిపోయేదాకా హోసియా కుర్చీలు అల్లుతూనే ఉన్నాడు, ఆర్లిస్ వస్తూనే ఉన్నాడు.

హోసియాను సాగనంపిన రోజు ఆర్లిస్ మా చర్చిలో నా పక్కనే కూర్చున్నాడు. పాట మొదలయ్యాక, ఆ అదురు అరచేతికి తెలిసేలా బల్ల మీద చెయ్యి ఆనించి ఉంచాడు. వెనక తలుపు కిర్రుమన్నప్పుడల్లా, ఆ ముగ్గురిలాంటి వాళ్ళెవరైనా వచ్చారేమోనని నేను తిరిగి చూశాను.