కదిరమ్మ ఆరు డ్రమ్ములు

మా ఊరి పేరు చెప్పను. చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. యాడికి అనే ఊరి నుంచి అంత దూరం లేని ఒక చిన్న మునిసిపాలిటీ అనుకోండి, చాలు. అందులో ఏడో వార్డు పారిశుద్ధ్యం మేస్త్రీని నేను, ఇమ్మానుయేల్‌ని. ఆ వార్డులో నా ప్రాణం తోడేసే మనిషి కదిరమ్మ. అరవై దాటింది. ఉగ్గాని అమ్ముతుంది.

వరసగా మూడేళ్ళు శనక్కాయ ఎండిపోతే మొగుడు వెంకటేశులుతో కలిసి ఈ ఊరొచ్చిందట. అతను మూటలు మోసీ మోసీ పోయాడు. సర్కారు ఇచ్చిన సెంటున్నర జాగాలో ఒక్క గది వేసుకుని, గడప ముందే పొయ్యి పెట్టింది. తెల్లారి ఐదింటికే బొరుగులు నానబోసి, నీళ్ళు పిండేసి, తాలింపులో వేసి తిప్పుతుంది. పక్కనే మిరపకాయ బజ్జీలు. రోజూ డ్యూటీకి ముందు నా కడుపు నిండేది అక్కడే. ఆ చేతి తిండికి వంక పెట్టలేను. గొడవంతా డ్రమ్ములతోనే.

మా వార్డుకు కొళాయి ఐదు రోజులకొకసారి వస్తుంది. వచ్చినా ముప్పావు గంట. తాగినా, వండినా, గిన్నెలు కడిగినా ఆ నీళ్ళతోనే. కదిరమ్మ ఇంటి ముందు కాలువ బండల మీద ఆరు నీలం డ్రమ్ములు వరసగా నిలబడి ఉంటాయి. లోపల పెట్టడానికి చోటేది? మంచం వాలిస్తే మనిషి తిరగలేడు. ఆరూ నిండితే ఐదు రోజులు అంగడి నడుస్తుంది. నీళ్ళు లేకపోతే బొరుగులు నానవు, పొయ్యి వెలగదు, ఆమెకు ఇంకో ఆధారం లేదు.

ఇప్పుడు రూలు వినండి. ఇంటి ముందు సామాను నిలవ పెట్టకూడదు. నీళ్ళయితే అసలే పెట్టకూడదు, దోమలు గుడ్లు పెడతాయి. ప్రతి శుక్రవారం డ్రై డే. బయటున్న డ్రమ్ములన్నీ వంపించి, బోర్లించి, ఇంటింటికీ ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. రూలు చెడ్డదని నేననను. పోయిన ఏడాది నా కూతురు తేజ డెంగీతో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడి ఉంది. దోమంటే నాకూ హడలే. కానీ ఐదు రోజులకొకసారి నీళ్ళు వదిలేదీ వాళ్ళే, దాచుకోవద్దనేదీ వాళ్ళే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే కదా.

తేజ జ్వరం సంగతి తెలిసిన రోజే కదిరమ్మ పాత చీరలు చింపి, రెండు మడతలేసి, ఆరు డ్రమ్ముల మూతులకూ సైకిల్ ట్యూబుతో బిగించి కట్టింది. దోమ కాదు, చీమ కూడా దూరలేదు. ఆ మాటే యాప్‌లో రాద్దామంటే దానికి గడి లేదు. ఉన్నవి రెండే గడులు. ఖాళీ చేయించాం, జరిమానా వేశాం. ఆఫీసులో అడిగితే యాప్ చేసినవాళ్ళను అడగమన్నారు. వాళ్ళెక్కడుంటారో ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

మొదటి నోటీసు ఇస్తే కదిరమ్మ దాన్ని నాచేతే చదివించుకుంది. చివరిదాకా విని, బజ్జీ తిరగేస్తూ ఒకటే మాట అడిగింది.

"డ్రమ్ములు లోపల పెడితే నేను బయట పండుకోవాల. దానికి నోటీసు లేదా అప్పా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జరిమానా వేయడానికి చెయ్యి రాలేదు, ఉన్న నీళ్ళు వంపడానికి మనసొప్పలేదు. చివరికి నా బుర్రకు తోచిన పని నేను చేశాను. వీధి చివర అడుగు పగిలిన డ్రమ్ము ఒకటి దిక్కు లేకుండా పడి ఉంది. శుక్రవారం శుక్రవారం దాన్ని దొర్లించుకుంటూ పోయి, ప్రతి ఇంటి ముందూ బోర్లించి ఫోటో తీశాను. వీధిలో ముప్పై రెండు ఇళ్ళు. ఆరు వారాలు నా వార్డు పట్టికలో మొదటి స్థానంలో ఉంది. మెచ్చుకుంటూ మెసేజీ కూడా వచ్చింది.

మా దగ్గర డ్రమ్ములు దొంగలు ఎత్తుకుపోతారని ఎవరి పేరు వాళ్ళు రంగుతో రాసుకుంటారు. చదువుకున్నవాణ్ణి, ఆ సంగతి తెలిసినవాణ్ణి, నాకు మాత్రం కళ్ళు కనిపించలేదు. ఆ పగిలిన డ్రమ్ము మీద ఎర్రటి అక్షరాలతో సుబ్బన్న అని ఉంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ భరత్‌కుమార్ ఫోన్ నా మొహం మీద పెట్టాడు.

"ముప్పై రెండిండ్లకూ సుబ్బన్నే యజమానేమప్పా?"

మరుసటి శుక్రవారం ఆయనే బయలుదేరాడు. ఏప్రిల్ నెల, తొమ్మిదింటికే మాడు పగిలే ఎండ. ముందు రోజు సాయంత్రమే కొళాయి వచ్చింది. కదిరమ్మ డ్రమ్ములు ఆరూ అంచుల దాకా నిండి ఉన్నాయి. గుడ్డ కట్టి ఉంది చూడండి సార్, ఒక్క పురుగు లేదు చూడండి సార్ అని నేను బతిమాలాను. బయట ఉందా లేదా, అది చెప్పు అన్నాడాయన.

కదిరమ్మ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒక డ్రమ్ము గుడ్డ విప్పి చెంబు ముంచి తెచ్చింది.

"పారబోసేదానికి ముందు తాగు సార్. ఎండన పడి వచ్చినావు."

ఆయన గటగటా తాగాడు. ఇంకో చెంబు అడిగి అదీ తాగాడు. నోరు తుడుచుకుని నా వైపు తిరిగి, "ఊఁ, కానీయ్" అన్నాడు. ఆ నిమిషంలో ఆయన్ని డ్రమ్ములో ముంచాలనిపించింది. ముంచలేదు. నెల జీతంవాణ్ణి. నేను గుడ్డలు లాగబోతుంటే కదిరమ్మ నా చెయ్యి పక్కకు నెట్టి, చిరగకుండా ఐదు ముళ్ళూ తనే విప్పింది. ఒకటి తర్వాత ఒకటి ఆరు డ్రమ్ములూ నేనే వంచాను. పక్కింటివాళ్ళు బిందెలు తెచ్చేలోపే నీళ్ళు కాలువలో కలిశాయి. భరత్‌కుమార్ ఫోటో తీసుకున్నాడు. ఎండ ఎక్కువగా ఉంది, మిగతా ఇళ్ళు నువ్వు చూసుకో అని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క ఇంటికే జరిగింది. వీధిలో మిగతావాళ్ళ నీళ్ళు వాళ్ళకున్నాయి. తలెత్తకుండా నేనూ వెళ్ళబోయాను. ఆయన వెంట తిరగడంతో పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

"యాడికి పోతాండావు? కూర్చో" అంది కదిరమ్మ. తెల్లవారి చేసిన ఉగ్గాని అడుగున కొంచెం మిగిలి ఉంది. గీకి ప్లేటులో పెట్టి, ఎప్పటిలాగే రెండు బజ్జీలు వేసి నా చేతికిచ్చింది. ఖాళీ డ్రమ్ముకు ఆనుకుని నా ఎదురుగా కూర్చుంది.

"తిను. నీళ్ళు మాత్రం అడగొద్దు ఇమ్మానుయేలూ. మంగళవారం దాకా లేవు."

బజ్జీ కొరికాను. మిరపకాయ మంచి కారంగా ఉంది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా తిన్నాను. నీళ్ళడగలేదు.