వీపు మీద గీసిన గీత

ఇళ్లలో టైల్స్ పరిచే ఆ మేస్త్రికి యాభై నాలుగేళ్లు. పని ముగిశాక తాపీ పిడి తిరగేసి, గదిలోని ప్రతి పలకనూ తట్టి చూడనిదే లేచేవాడు కాదు. కింద సిమెంటు పట్టని చోట మోత గుల్లగా వస్తుంది. అది చెవిన పడితే చాలు, ఇంటివాళ్లు వద్దన్నా ఆ పలక ఊడదీసి మళ్లీ వేసేవాడు. "మా ఆయనవి పాము చెవులు. నేను చెప్పేది తప్ప అన్నీ వినబడతాయి" అనేది భార్య.

ఆరా తీయడంలోనూ అంతే. ఎవరేం చేస్తున్నా దగ్గరికి వెళ్లి "ఇదెందుకు?" అని అడగాల్సిందే. పళ్ల డాక్టరైతే అతను కుర్చీలో కూర్చోగానే ముందు నోట్లో దూది కుక్కి, ఆ తర్వాతే పలకరించేవాడు.

ఆ ఏడు అతనికి పొడి దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. దుమ్ము వల్లేలే అని నెల రోజులు నెట్టుకొచ్చాడు. ఒకరోజు పలకల పెట్టె మోస్తూ మెట్ల మధ్యలో కూలబడ్డాడు. కుడి డొక్కలో పోటు, ఊపిరి అందలేదు. మర్నాడు పొద్దున్నే భార్య పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది.

అక్కడ మొదట చూసింది ఒక చిన్న డాక్టరమ్మ. చదువు ముగించి ఉద్యోగంలో చేరి మూడు వారాలే అయింది. తెర లాగి, చొక్కా విప్పించి, ముందుగా అతని గోళ్లు చూసింది.

"దగ్గని వస్తే గోళ్లు చూస్తారేంటమ్మా?"

"కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లో వేళ్ల చివర్లు ఉబ్బుతాయి బాబాయ్. మీకు లేదులెండి."

కనురెప్ప కిందికి లాగి చూసింది. మెడలో గడ్డలున్నాయేమోనని తడిమింది. పొట్ట నొక్కింది. చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు దానంతటదే ఎగిరింది. అతనికి భలే ముచ్చటేసింది. "ఏదీ, ఇంకోసారి కొట్టండమ్మా" అన్నాడు. "ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనివ్వండి" అని భార్య కసిరింది.

గొంతు కింది గుంటలో వేలు పెట్టినప్పుడు మాత్రం డాక్టరమ్మ ఆగిపోయింది. "ఊపిరి గొట్టం మధ్యలో ఉండాలి. మీది కాస్త ఎడమకి జరిగినట్టుంది."

"ఎవరు జరిపారు?"

ఆమెకు నవ్వొచ్చింది. "అదే కనుక్కోవాలి."

వెనక్కి వచ్చి ఎడమచేతి వేళ్లు అతని వీపుకు ఆనించి, మధ్యవేలి మీద కుడిచేతి వేలితో తడుతూ కిందికి దిగింది. బయట ట్రాలీ చక్రాల రొద, పైన ఫ్యాను కీచు. మళ్లీ మొదటినుంచీ తట్టింది. "తేడా తెలీట్లేదు" అని తనలో తనే గొణుక్కుంది.

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. అంతసేపటికి అతను నోరు మెదపకుండా కూర్చోవడం అదే మొదలు.

"అమ్మా, ఇందాకటి చోటే కొట్టండి... ఆ, ఇది గుల్ల. రెండు వేళ్లు దిగండి. విన్నారా? బిగిసిపోయింది."

ఆమె తట్టింది. నిజమే, రాయి మీద తట్టినట్టుంది. ఎడమవైపు కింది దాకా గుల్లగానే మోగింది. కుడివైపు మోత మారిన చోట పెన్నుతో అడ్డంగా గీత గీసింది.

"మా పనిలో గుల్లగా మోగితే తప్పు. ఇక్కడో?"

"ఇక్కడ అలాగే మోగాలి బాబాయ్, లోపల గాలి ఉండాలి కదా. మోగని చోట గాలి లేదు."

"మరేముంది?"

"నీరనుకుంటున్నాను." స్టెతస్కోపు పెట్టి వింది. గీత కింద ఊపిరి చప్పుడే లేదు.

కాసేపటికి పెద్ద డాక్టరు వచ్చాడు. ముక్కోపి అని పేరు. "ఈ గీత ఎవరు గీశారు?"

"నేనే సార్. కానీ మోత మారిన చోటు కనిపెట్టింది ఈయన."

ఆయన మేస్త్రిని ఎగాదిగా చూసి, తనూ తట్టాడు. గీతను చెరపలేదు. ఎక్స్‌రేలో నీరు సరిగ్గా అక్కడిదాకానే తెల్లగా కనిపించింది. సూదితో తీస్తే సీసా నిండా లేత పసుపు నీరు దిగింది. "ఇదంతా నాలోదేనా?" అంటూ మేస్త్రి సీసాను తనవైపు తిప్పించుకుని మరీ చూశాడు.

పరీక్షల్లో క్షయ అని తేలింది. భార్య ముఖం పాలిపోయింది. "ఆరు నెలలు ఒక్కపూట మానకుండా మాత్రలు వేసుకుంటే నయమైపోతుందమ్మా" అన్నాడు పెద్ద డాక్టరు. ఆమె రోజూ మాత్ర మింగించి, నోరు తెరిపించి మరీ చూసేది. పని లేక చేతులు ఊరుకోక అతను ఆమె వీపు తట్టేవాడు. "నా వీపేమన్నా నేలనుకున్నారా?" అని విదిలించేది. మళ్లీ తనే, "ఏమైనా తెలిసిందా?" అనేది.

ఆరు నెలలు నిండాక చివరి పరీక్షకు వెళ్తూ ఒక చెక్క పట్టుకెళ్లాడు. దాని మీద పన్నెండు పలకలు అతికించి ఉన్నాయి. వాటిలో నాలుగింటి కింద కావాలనే సిమెంటు పెట్టలేదు. చిన్న డాక్టరమ్మ అది చూసి, వైద్య విద్యార్థుల్ని ఐదుగురిని పిలుచుకొచ్చింది. కళ్లు మూసుకుని ఒక్కొక్కరే తట్టారు. ముగ్గురు నాలుగింటినీ పట్టేశారు. మిగతా ఇద్దరినీ అతను వదల్లేదు, వచ్చేదాకా కొట్టించాడు.

తర్వాత చొక్కా విప్పి మంచం మీద కూర్చున్నాడు. వీపంతా చక్కగా మోగింది. డాక్టరమ్మ ముందువైపు తడుతుంటే, ఎడమ రొమ్ము దగ్గర మోత చప్పబడింది. మేస్త్రి ఉలిక్కిపడ్డాడు.

"ఇక్కడా మోగట్లేదేంటమ్మా?"

"కంగారుపడకండి బాబాయ్, అది గుండె."

"ఓహో! ఎందాకా ఉందో చూడండి" అంటూ అతను మళ్లీ కళ్లు మూసుకున్నాడు.